సీజు చేసిన బండ

నన్ను పిలిపించింది ఇది ఏడోసారి.
ఎర్రగుంట్ల టేషను మెట్ల కాడ చెప్పులిడిసి
"సార్, మౌలాలి" అంటా.
రైటరు తలెత్తడు.
"ఏ మౌలాలి?"
"నాపరాళ్ల గని సార్. నడిపి ఓబన్న సచ్చిపోయిన కేసు.
రెండో సాక్షిని."

మొదట్లో నాకు అంతా గుర్తుండె.
పొద్దున పదీ పదిన్నర, సద్దిమూట ఇంకా ఇప్పలేదు.
పైన అంచు కాడ ఇనపతాడు కిర్రుమనె.
ఓబన్న తలెత్తి "రేయ్, తాడు" అనె.
ఆ మాటకు ముందు దగ్గినాడా, తర్వాత దగ్గినాడా
అదీ చెప్పినా. రాసుకున్నారు.
ఇప్పుడు అడిగితే
దగ్గు మాత్రం వినిపిస్తాది, మనిషి కనపడడు.

మొదటి ఎస్సై మంచోడే, నెలలో ముగిస్తానన్నాడు.
ఆయన్ని ఎలచ్చన్లని రాజంపేట పక్క యేసిరి.
రెండో ఆయన ఫైలు తెరిచి, చదివేలోపలే సెలవు పెట్టె.
మూడో ఆమె నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చి
"గనుల శాఖ రిపోర్టు రాలేదు పెద్దాయనా" అనె.
గనుల శాఖకు పోతే
"పోలీసులు లెటరే పెట్టలేదే" అనిరి.
ఆ లెటరూ ఈ రిపోర్టూ
కడప రోడ్డు మీద ఎదురెదురు బస్సులెక్కి
ఒకదాన్నొకటి చూసుకోకనే దాటిపోయినట్టుండాయి.

తెగిన తాడు మాత్రం వరండాలోనే ఉంది,
గోనెసంచిలో, లక్క సీలుతో.
తుప్పు రాలి సంచి కింద గచ్చు ఎర్రబారింది.
వారానికొకసారి ఊడ్చే ఆమె
సాక్ష్యం కొంచెం కొంచెం చెత్తబుట్టకెత్తుతాది.

ఓబన్న పెండ్లాం సుంకులమ్మ ఇదివరకు నాతో వస్తాండె.
ఇప్పుడు రాదు.
సిమెంటు ఫ్యాక్టరీ గేటు కాడ టీ అంగడి పెట్టుకుంది.
గ్లాసులు కడిగి బోర్లిస్తా ఒకసారి అడిగె:
"నాటుసారా కేసులో ఆ పిల్లోడి కాగితం
నెల తిరక్కుండా కోర్టుకు పాయె గదన్నా.
మనది బరువెక్కువ గాబోలు."

నేనేం చెప్పల్ల.

ఈ పొద్దు రైటరు ఏళ్లు మడిచి లెక్క పెట్టె.
రెండేండ్ల శిక్ష పడే నేరానికి
మూడేండ్ల గడువంట.
దాటితే కోర్టు చేతిలోకి తీసుకోదంట.
ఇంకా పదకొండు దినాలుండాయంట.
నా బుర్రకు గడువెంతో యాడా రాసిలేదు.
"దాటినా ఏం కాదులే,
ఆలస్యం మన్నించమని అర్జీ ఒకటి పెడతాం."
మన్నించాల్సింది జడ్జీ అంట.
సుంకులమ్మను అడిగే పని లేదంట.

"బయట కూర్చో, మేడమ్ వస్తాది."

యాపచెట్టు కింద కొత్త అరుగు,
నున్నగా పాలిషు పట్టిన బండ, పక్కన దాత పేరు.
నాకు సదువు రాదు.
ఆ పేరు సదవాల్సిన పనీ లేదు.
కూర్చోబోతా చెయ్యి ఆనించినా.
అడ్డంగా తెల్లటి చార,
నడిమధ్యన ఎడమకు ఒంగి
కొడవలి మొన మాదిరి.

ముప్పై ఏండ్లు బండలు చీల్చినోన్ని.
మనిషి మొగం మర్చిపోతానేమో, రాతి చారను మర్చిపోను.
ఆ పొద్దు గునపాలు పెట్టి
పదిమందిమి లేపినాం దీన్ని.
కొలతలు రాసి, సుద్దతో నంబరేసి, సీజు చేసినామన్నారు.
కాగితం మీద నా యేలిముద్ర కూడా ఉంది.

నేను కూర్చోలేదు.
లోపలికి పోయి చెప్పినా.
రైటరు కాగితాలు తిరగేసె.
"బండ గని కాడనే ఉంది. ఇదిగో, రాసిండారు."
"సార్, దాని మీద మీ కానిస్టేబులు
దోసె తింటాండాడు."

ఆయన లేచి కిటికీలోంచి చూసె.
చానాసేపు చూసె.
వచ్చి కూర్చుని, పెన్నుకు మూత పెట్టి,
మెల్లిగా అడిగె:
"మౌలాలీ, ఈ మధ్య నీకు చూపెట్లుంది?"